మెయిన్ ఆపిన మనిషి

కళ్ళు పక్కకు తిప్పినప్పుడల్లా తలలో చిటుక్కుమంటోంది. నొప్పి కాదు. తడి చేత్తో స్విచ్చి ముట్టుకుంటే వేళ్ళలోంచి మోచేతి దాకా పాకే జిల్లు ఉంటుంది చూడండి, అలాంటిదే, కాకపోతే చేతిలో కాదు, మెదడులో. గడియారం మీంచి చూపు కిటికీ మీదకి మళ్ళిస్తే చిటుక్కు. కిటికీ మీంచి పక్కన కూర్చున్న అక్క మీదకి మళ్ళిస్తే చిటుక్కు. అందుకే అతను మెడ బిగబట్టుకుని, పళ్ళ డాక్టరు గది బయట వరుస కుర్చీల్లో చివరిదాంట్లో, ఎదుటి గోడ మీది పన్ను బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. మనిషంత పన్ను. దానికెవరో కళ్ళు గీసి, నోరు గీసి, ఆ నోట్లో మళ్ళీ పళ్ళు గీశారు. పన్నుకి పళ్ళుండటమేమిటో, అవి పుచ్చిపోతే అది ఎవరి దగ్గరికి పోతుందో అని ఒక ఆలోచన వచ్చింది. కిందటివారమైతే దీనికి నవ్వుకునేవాణ్ణే కదా అని దాని వెనకే ఇంకొకటి వచ్చింది, వచ్చి గుండెల మీద చతికిలబడింది. కిందటివారం నవ్వు వచ్చేది. ఇవాళ రావడం లేదు. కుడి దవడలో చివరి పన్ను ఉన్నచోట మందకొడిగా ఒక పోటు. దాని గొడవ అతనికి పట్టనే లేదు. పన్ను పోతే పోయింది, నోటినిండా ఇంకా ఉన్నాయి. మనసు ఒక్కటే ఉంది. అది ఒకసారి పోయి, ఎలాగో తిరిగొచ్చింది. మళ్ళీ పోతోందా?

లోపలి గదిలో యంత్రం గుయ్యిమంది, ఆగింది, మళ్ళీ గుయ్యిమంది. చిన్న మోటారు, చాలా వేగం, బేరింగు కొంచెం అరిగినట్టుంది, ఆగేముందు సన్నగా ఈల వేస్తోంది. చెవి ఊరుకోదు. బతుకంతా లిఫ్టుల మధ్య గడిపినవాడి చెవి అది, పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినా పంఖాలో తేడా ఏమిటో చెబుతుంది. చెప్పింది కూడా, తన పెళ్ళిలోనే. పెళ్ళికూతురు అప్పుడు తల వంచుకునే, "లేచెళ్ళి బాగుచేస్తారా ఏంటి ఇప్పుడు?" అని గుసగుసగా అంది. అదే ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట. ఆ గొంతు ఇప్పుడు చెవిలో పలికిందో లేదో, ఏ హెచ్చరికా లేకుండా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవిగో, అవే. ఈ మూడు రోజులుగా ఇంతే. ఉదయం సబ్బు చేతిలోంచి జారిపడితే ఏడుపు వచ్చింది. సబ్బుకి! అతను ముక్కు చీదుతున్నట్టు నటించి రుమాలు కళ్ళకి అద్దుకున్నాడు. ఆ వంపుకి తలలో మళ్ళీ చిటుక్కుమంది.

"మా తమ్ముడండీ," అంటోంది అక్క, అవతలి కుర్చీలో దవడకి గుడ్డ కట్టుకుని కూర్చున్న పెద్దావిడతో. "లిఫ్టుల ఇంజనీరు. ఈ ఊళ్ళో సగం మందిని పైకి పంపింది వీడే." పెద్దావిడ నోరు తెరవలేక కళ్ళతోనే నవ్వింది. అక్క ఇటు తిరిగింది. "ఒరేయ్, ఆ మొహమేంట్రా? పీకేది పన్నేరా, ప్రాణం కాదు."

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఈ మాత్ర వేసుకో. నొప్పి ఇట్టే లాగేస్తుంది. మా ఆడపడుచు మోకాళ్ళకి ఇదే." అక్క చేతిసంచి ఒక నడిచే మందుల కొట్టు. అందులోంచి ఎర్రటి మాత్ర ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. చెయ్యి నోటిదాకా వెళ్ళినట్టే వెళ్ళి ఆగింది. ఏ కొత్త మందు వేసుకున్నా, ఆఖరికి దగ్గు మందైనా సరే, నన్నో మందుల షాపు వాళ్ళనో ఒక్క మాట అడగండి, అని చెప్పిన గొంతు ఒకటి గుర్తొచ్చింది. తర్వాత వేసుకుంటాలే అని మాత్రని చొక్కా జేబులో వేశాడు. ఆ గొంతు మానసిక వైద్యుడిది. ఆయనొకడున్నాడని అక్కకి తెలియదు. అక్కకే కాదు, ఎవరికీ తెలియదు.

భార్య పోయిన కొత్తలో అందరూ మెచ్చుకున్నారు, ఎంత నిబ్బరంగా ఉన్నాడో అని. నిజంగానే ఉన్నాడు. ఇంటికి అద్దెకి తెచ్చిన ఆసుపత్రి మంచం తిరిగి ఇచ్చేశాడు, మిగిలిన మందులు ఎవరికో పనికొస్తాయని కనుక్కుని పంపాడు, ఆమె కళ్ళజోడు తుడిచి పెట్టెలో పెట్టాడు. తర్వాత ఎన్నో నెలలకి, అంతా సర్దుకుంది అని జనం అనడం కూడా మానేశాక, ఒక ఆఫీసు భవనంలో, తను సరిచూసిన లిఫ్టులో, రెండంతస్తుల మధ్య ఊపిరి అందలేదు. ఆ పెట్టె పడదని ఆ ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసినవాడు తనే. తాళ్ళు తను బిగించినవి, బ్రేకులు తను పరీక్షించినవి. మనసుకి తెలుసు, ఒంటికి తెలియదు. చెమటలు, గుండె దడ, అరచేతులు అద్దానికి ఆనించి, తలుపు తెరుచుకునేదాకా చచ్చి బతకడం. ఆ రోజు నుంచి మెట్లెక్కాడు. చెప్పులు కుట్టేవాడు ఉత్తకాళ్ళతో తిరిగినట్టు, లిఫ్టులు చూసేవాడు మెట్లెక్కి పైకి పోతుంటే, కింద పనిచేసే కుర్రాళ్ళు సారు పొట్ట తగ్గించుకుంటున్నారు అనుకున్నారు. అనుకోనిచ్చాడు. పొట్ట నిజంగానే తగ్గింది. అన్నం కాగితం నమిలినట్టుండేది. తెల్లవారకముందే మెలకువ వచ్చి, లేవడానికి ఒక్క కారణం కోసం కప్పు వంక చూస్తూ పడుకునేవాడు. కప్పు మీద ఏ కారణమూ రాసి ఉండేది కాదు.

ఆ తర్వాత, ఒకనాడు పై అంతస్తులో లిఫ్టు గొయ్యి తలుపు తెరిచి కిందికి చూస్తే, ఆ చీకటి లోతు పనిచేసే చోటులా కాక పరుపులా కనిపించింది. మెత్తగా. రమ్మన్నట్టు. ఎంతసేపు చూశాడో తెలియదు. తలుపు వేశాడు, తాళం వేశాడు, మెట్ల మీద కూలబడి, కాసేపటికి లేచి, ఇంటికి పోకుండా తిన్నగా వైద్యుడి దగ్గరికి పోయాడు. గుండె నొప్పి అని చెప్పుకున్నాడు. గుండె బాగానే ఉందని తేల్చి ఆ వైద్యుడు ఇంకొకాయన దగ్గరికి పంపాడు. ఆ ఇంకొకాయన లావుపాటి మనిషి, ముక్కు మీదకి జారే కళ్ళజోడు, బల్ల మీద సగం తిన్న బిస్కెట్టు. కాసేపు విని, వాన పడుతోందా అని అడిగినంత మామూలుగా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగాడు. ఎవరూ అడగని మాట. అడిగితే అనిపిస్తుందేమోనని అందరూ భయపడే మాట. అడగగానే అతని భుజాల మీంచి బస్తా దించినట్టయింది. అనిపించింది, మొన్న, ఒకసారి, అన్నాడు. అని, ఏడ్చాడు. ఆయన బిస్కెట్టు పక్కకి జరిపి రుమాలు ఇచ్చాడు. చిన్న చిన్న దయలు లోకంలో ఎక్కడ దాక్కుని ఉంటాయో! ఉతికిన రుమాలు, ఇస్త్రీ చేసినది, మడత కూడా విప్పనిది.

రోజుకొక మాత్ర, పొద్దున్నే, ఏదైనా తిన్నాక. ఇది తలనొప్పి మాత్ర కాదు, వేసుకున్న వెంటనే తెలియడానికి, వారాలు పడుతుంది, అన్నాడాయన. మొదట్లో కడుపులో తిప్పుతుంది, కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. ఆ రోజుల్లో ఆ చెడ్డ ఆలోచన తిరిగొస్తే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యండి. మందుకొట్టడం వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, బాగైపోయాననిపించినా మీకు మీరు ఆపకండి. ఆపే రోజు వస్తుంది, అప్పుడు ఇద్దరం కలిసి మెల్లగా తగ్గిద్దాం. అన్నిటికీ తలూపాడు. కడుపులో తిప్పింది. కంగారు పెరిగింది. ఒకసారి ఫోన్ చేశాడు, ఆయన మాట్లాడాడు. ఏమీ జరగని వారాలు గడిచాయి. ఆ తర్వాత ఒక ఉదయం పక్కింటి మొగుడూ పెళ్ళాం తడి తువ్వాలు మంచం మీద ఎవరు వేశారని గోడ అదిరేలా పోట్లాడుకుంటుంటే, గడ్డం గీసుకుంటున్న అతనికి నవ్వొచ్చి చెంప తెగింది. అద్దంలో నెత్తుటి చుక్కని చూసి ఇంకా నవ్వొచ్చింది. ఆ రోజు లిఫ్టెక్కి పై అంతస్తు దాకా పోయాడు, దిగాడు, ఇంకోసారి ఎక్కాడు, ఈల వేసుకుంటూ, ఉత్తపుణ్యానికి, చిన్నపిల్లాడిలా. గొయ్యి తలుపు తెరిచి కిందికి చూశాడు. గ్రీజు, దుమ్ము, ఎవరో పారేసిన చాక్లెట్టు కాగితం. ఒట్టి గొయ్యి.

అలాంటి మాత్రని ఎలా ఆపాడు? ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని తలుచుకుంటే తన బుద్ధికి తనకే ఆశ్చర్యంగా ఉంది. అయినా అదేం తిక్క కాదు, ఒక పద్ధతి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు అతను చెప్పేది ఒకటే మాట. యంత్రంలో చెయ్యి పెట్టేముందు మెయిన్ స్విచ్చి ఆపు, దానికి తాళం వెయ్యి, తాళం చెవి నీ జేబులో వేసుకో. ఆ తర్వాతే చెయ్యి. ఈ మాట ఎన్ని చేతుల్ని కాపాడిందో! పన్ను పీకాలి, మత్తు సూది వెయ్యాలి అన్నారు. ఒంట్లో ఒక మందు నడుస్తుండగా ఇంకొకరు వచ్చి చెయ్యి పెట్టడమా? కుదరదు. సోమవారం మాత్రల అట్ట సొరుగులో పెట్టి, తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నాడు. మానెయ్యడం లేదు కదా, మరమ్మతు అయ్యేదాకా ఆపుతున్నాను, అంతే అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడగాలంటే పళ్ళ డాక్టరుకి ఆ మాత్ర సంగతి చెప్పాలి, వెంట అక్క ఉంటుంది. మంగళవారం బాగానే ఉన్నాడు. బుధవారం నిద్ర పట్టలేదు. ఆ మర్నాటి నుంచి చిటుకులు, తల తిరగడం, సబ్బు కోసం ఏడుపు. ఇదంతా మాత్ర ఆపినందుకేనని ఒక్కసారైనా తోచలేదా అంటే, తోచింది. కానీ దాని పక్కనే ఇంకో మాట గుసగుసలాడుతూ కూర్చుంది. ఇది అసలు నువ్వేరా. ఆ నవ్వూ, ఆ ఈలలూ మాత్రవి. మాత్ర తీస్తే మిగిలేది నువ్వు, ఆ గొయ్యి. ఎన్నాళ్ళు దాక్కుంటావు?

"లోపలికి రండి," అంది తలుపు దగ్గర నర్సు. లేచాడు, నేల కొంచెం పడవలా ఊగింది. అక్క మోచెయ్యి పట్టుకుంది.

పళ్ళ డాక్టరు చిన్న వయసు పిల్ల, వెడల్పాటి నుదురు, నిద్ర చాలని కళ్ళు. కుర్చీ వెనక్కి వాలింది, దీపం ముఖం మీద పడింది. అక్క తలుపు దగ్గరే నిలబడి, నేను వీడికి పెద్దక్కనండీ, అని చెప్పి తన ఉనికికి అనుమతి తనే ఇచ్చుకుంది.

"రోజూ వాడే మందులేమైనా ఉన్నాయాండీ?"

"ఏం లేవమ్మా," అంది అక్క. "వీడికి తుమ్ము కూడా రాదు. ఉక్కు పిండం."

దీపం తెల్లగా, గుండ్రంగా. లేవు అంటే సరిపోతుంది. అక్క ఇప్పటికే అనేసింది, తను నోరు తెరవడమే ఆలస్యం, డాక్టరు అద్దం పెట్టేస్తుంది, పన్ను వచ్చేస్తుంది, ఇంటికి పోవచ్చు. ఇంటికి పోయి? తాళం తీస్తాడా, తియ్యడా? తియ్యకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈ తిరుగుడూ ఈ చిటుకులూ మోసుకుంటూ ఇదే నా అసలు రూపం అనుకుంటూ కప్పు కింద పడుకుంటాడు. అడిగేవాళ్ళుండరు. ఎందుకంటే అడగడానికి ఎవరికీ ఏమీ తెలియనివ్వలేదు కదా. ఎప్పుడో ఒకాయన బిస్కెట్టు పక్కకి జరిపి అడిగాడు. ఇప్పుడీ పిల్ల అడుగుతోంది. అడిగేవాళ్ళు రోజూ దొరకరు.

"ఉంది," అన్నాడు. "మనసు బాగోక వాడే మాత్ర. చాలా నెలలుగా. సోమవారం నుంచి ఆపాను."

తలుపు దగ్గర ఏ చప్పుడూ లేదు. అక్క ఉన్నచోట చప్పుడు లేకపోవడం అతను పుట్టి ఎరగడు.

డాక్టరు చేతిలోని అద్దం పళ్ళెంలో పెట్టేసింది. "ఎవరు ఆపమన్నారండీ?"

"ఎవరూ లేదు. మీరు చెయ్యి పెడతారు కదా అని. మా పనిలో మెయిన్ ఆపకుండా ఎవరినీ యంత్రం ముట్టుకోనివ్వం."

ఆమె నవ్వింది, ఎగతాళి లేని నవ్వు. "నేను పీకేది పన్నండీ, ఫ్యూజు కాదు. దీనికోసం ఆ మాత్ర ఆపక్కర్లేదు. నాకు చెబితే చాలు. మాత్రలేవీ?"

"ఇంట్లో. సొరుగులో పెట్టి తాళం వేశాను."

"మాత్రలకి తాళమెందుకండీ?" అని, జవాబు కోసం చూడకుండా కొంచెం ముందుకి వంగింది. "కళ్ళు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టుందా?"

అతను తలూపాడు. ఊపితే కొట్టింది.

"నాకు తెలిసింది కొంచెమే. మీ డాక్టరు నంబరు ఉంటే ఇప్పుడే అడుగుదాం."

ఫోన్లో ఆయన గొంతు దగ్గరగా, బొంగురుగా వినిపించింది, బిస్కెట్టు నములుతున్నట్టే. అన్నీ విన్నాడు. ఊరికే కళ్ళ నీళ్ళు వస్తున్నాయా? వస్తున్నాయి. నిద్ర? లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన? అతను తన లోపలికి దిగి, దీపం పట్టుకుని వెతికినట్టు వెతికాడు. "లేదండీ. భయం ఉంది. మళ్ళీ అదే వచ్చిందేమోనని."

"గబుక్కున ఆపితే ఒళ్ళు చేసే గొడవ ఇదే," అన్నాడాయన. "పాత జబ్బు తిరిగొచ్చిందని ఇప్పుడే అనుకోకండి. ఇంటికెళ్ళగానే మాత్ర వేసుకోండి. ఎప్పటిలాగే ఒకటి. పోయిన రోజులవి కలిపి వేసుకునేరు! కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, ఆ ఆలోచన వచ్చినా, వేళాపాళా చూడకుండా ఫోన్ చెయ్యండి. తల తిరగడం పోయేదాకా ఆ లిఫ్టుల మీదకి ఎక్కకండి. వచ్చేవారం కనిపించండి."

ఒళ్ళు చేసే గొడవ. ఆ మూడు ముక్కలు అతని ఒంట్లోకి చల్లటి నీళ్ళలా దిగాయి. నేను కాదు. గొయ్యి కాదు. దీపం వంక చూస్తూ పడుకుంటే, ఏళ్ళ తరబడి కళ్ళ ముందే ఉన్న వస్తువు ఒకటి ఇప్పుడు కొత్తగా కనిపించింది. లిఫ్టు తాడుకి ఒక కొసన మనుషులెక్కే పెట్టె, రెండో కొసన గోడ చాటున ఇనుప దిమ్మలు. పెట్టె పైకి పోతే దిమ్మలు కిందికి వస్తాయి. ఎక్కేవాళ్ళెవరూ వాటిని చూడరు, వాటికి దండం పెట్టరు. అవి లేకపోతే మోటారు ఎంత మంచిదైనా రొప్పుతుంది. మెయిన్ అనుకుని తను తీసేసింది ఆ దిమ్మల్ని. దిమ్మలు తీసేసి, పెట్టె బరువెక్కింది, ఇదే దీని అసలు బరువు అని ఏడవడమేమిటి! లిఫ్టంటే పెట్టె ఒక్కటేనని ఏ వెర్రివాడు చెప్పాడు? నవ్వినవాడు కూడా తనే. ఈల వేసినవాడూ తనే. చెంప తెగినప్పుడు వచ్చిన నెత్తురు మాత్రది కాదు కదా.

జేబులోని ఎర్ర మాత్ర గుర్తొచ్చి తీసి చూపించాడు. "ఇది అక్క ఇచ్చింది, వేసుకోలేదు." డాక్టరు చూసి తల అడ్డంగా ఊపింది. "మంచిపని చేశారు. మీ మాత్రతో ఇది కలిస్తే రక్తం ఎక్కువ కారొచ్చు. నొప్పికి వేరేది రాసిస్తాను."

అప్పుడు పలికింది తలుపు. "అయితే ఆవిడెవరూ లేదన్నమాట."

"ఏ ఆవిడక్కా?"

"ఏ ఆవిడంటావేంట్రా! చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నావు, రోజూ గడ్డం గీస్తున్నావు, మెట్లు దిగుతూ ఈల వేస్తున్నావు. వీడికెవరో దొరికిందని మీ బావతో అన్నాను. ఎవరైతేనేం, వాడు నవ్వుతున్నాడు కదా, నువ్వు అడిగి చెడగొట్టకు అన్నారాయన. నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నేను! ఇన్నాళ్ళు! తీరా చూస్తే మాత్ర." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు చెప్పకూడదట్రా?"

"ఎలా చెప్పను?"

"నోటితో." కొంగు నడుముకి దోపుకుంది. "పోనీలే. మాత్రే నయం, అలిగి పుట్టింటికి పోదు. ఇంకోసారి ఎవరినీ అడక్కుండా ఆపావంటే మాత్రం పళ్ళు రాలగొడతాను."

"ఆ పని నాకు వదిలెయ్యండమ్మా," అంది డాక్టరు, సూది అందుకుంటూ.

సూది చురుక్కుమంది, దవడ దూరమైపోయింది. ఎవరో పక్కగదిలో బల్ల జరుపుతున్నట్టు ఒక కిర్రు, ఒక ఒత్తిడి, ఎక్కడో ఒక టక్కు. అంతే. ఇంత పన్నా, అనుకున్నాడు పళ్ళెంలో చూసి. ఈ మాత్రం దానికా నేను మెయిన్ ఆపింది!

బయట ఎండ పలచగా ఉంది. వీధిలో కొట్లు తెరుస్తున్నారు, ఒకామె గాజు తలుపు తుడుస్తోంది, ఎవరి కుక్కో ఆమె బకెట్టులో మూతి పెట్టి తిట్లు తింటోంది. దూది కరిచిపట్టి ఉంచమన్నారు, మాట్లాడవద్దన్నారు. అక్కకి ఇంతకన్నా అదను దొరకదు. రోడ్డు దాటేదాకా మాట్లాడింది, దాటాక మాట్లాడింది, రోజూ పొద్దున్నే ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతానంది, వేసుకున్నానని అబద్ధం చెబితే గొంతును బట్టి పట్టేస్తానంది. మలుపు దగ్గర అటూ ఇటూ చూడబోతే తలలో మళ్ళీ చిటుక్కుమంది. అతను ఆగాడు. వచ్చింది. పోయింది. ఇంకా వస్తుంది, కొన్నాళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఈసారి రుమాలు వెతుక్కోలేదు.

అక్క అతని ముఖంలోకి వంగి చూసింది. "నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? తెలిసి చావడం లేదు."

అతను మొద్దుబారిన చెంపని వేలితో చూపించాడు. నవ్వు ఎడమవైపే వచ్చింది. మిగతా సగం మత్తు దిగాక వస్తుంది.